గోడపూతల వ్యయవిచారము

ఇల్లు కట్టుటకు ఎంత పట్టునని ఆర్మూరులో ఎవరినడిగినను చదరపుటడుగున కింతయని తడుముకొనక చెప్పుదురు. కట్టిన యింటి వెలిగోడను ఎండకును వానకును ఓర్చునట్లు ముప్పది యేండ్లు నిలుపుకొనుటకు ఎంత పట్టునని అడిగినచో మాత్రము, అది లెక్కలోనికి రాదగిన వ్యయమే కాదన్నట్లు చూతురు. పునాదికి ముహూర్తము పెట్టించువారును, స్లాబు పోయునాడు పనివారికి విందు చేయువారును గలరు గాని, వెలిగోడ పూతకు అట్టి గౌరవమేదియు లేదు. కట్టడములో అది తుది పని, అప్పటికి చేతిలో మిగిలినది తుది సొమ్ము. లోపలి గదులు నున్నగా తీర్చబడి, బయట ఎఱ్ఱని ఇటుక అట్లే కనబడుచు, యేండ్ల తరబడి పూతకు నోచుకొనని యిండ్లు నిజామాబాదు జిల్లా ఊళ్లలో అరుదు కాకపోవుటకు ఇదియే హేతువు.

తెలంగాణమున గిలాబు అని వాడుకలోనున్న ఈ వెలిపూత చెడినప్పుడు అతుకులతో బాగుచేయుటయా, మొత్తము చెక్కివేసి క్రొత్తది వేయుటయా, లేక దానిపై పలకలో రేకులో తొడిగి చెడుగును కంటికి కనబడకుండ చేయుటయా అను ప్రశ్న ప్రతి గృహస్థునకును ఎప్పుడో ఒకనాడు ఎదురగునదే. నా అభిప్రాయమును దాచుకొనుట కంటె ముందే చెప్పుట మేలు: ఈ ప్రాంతమున వెలిగోడపై వెచ్చింపబడు ధనములో పెద్దపాలు, గోడలోనికి నీరు ఏ దారిని వచ్చుచున్నదో విచారింపని లోపమునకు కట్టు జరిమానా. పూత మారును, పూయు సుతారి మారును, రంగు మారును. నీటిదారి మారదు గనుక ఖర్చు మఱల మఱల వచ్చును.

నవనాథ సిద్ధుల గుట్ట నల్లని బండల నీడలో, హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాల దిక్కునకు సాగు 63వ రహదారియు కలిసికొను తావున నున్న ఈ ఆర్మూరు పట్టణమున, వైశాఖ జ్యేష్ఠములలో ఎండ కొన్ని దినములు 45 డిగ్రీల దరిదాపులకు పోవును. ఏడాదికి ఇంచుమించు 1,000 మిల్లీమీటర్లు కురియు వానలో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే పడును. పగలు కాగి వ్యాకోచించి రాత్రి చల్లారి సంకోచించు గోడ, ఆ పిమ్మట దినముల తరబడి తడిసి నానుట వెలిపూతకు కఠిన పరీక్ష. నల్లరేగడి నేలలలో కట్టిన యిండ్లకు మూడవ బాధ యొకటి కలదు: తడిసినప్పుడుబ్బి ఎండినప్పుడు నెఱ్ఱెవాయు ఆ నేల పునాదినే కదల్చును, కిటికీ మూలనుండి ఏటవాలుగా ప్రాకు బీట ఆ కదలిక జాడ. దానిపై ఎన్ని మారులు సిమెంటు మెత్తినను, వచ్చు వేసవిలో అది అచ్చముగా ఆ తావుననే మఱల కనబడును.

రెండు తరముల క్రిందటి వఱకు ఈ ప్రాంతపు సామాన్యుని ఇల్లు మట్టిగోడలమీద గూనపెంకులతో నిలిచినది. ఎఱ్ఱమట్టిని గడ్డితో కలిపి త్రొక్కి, ఒక వరుస ఆరిన పిమ్మటనే దానిపై మఱియొక వరుస పెట్టి, మూరెడు మందమునకు తగ్గకుండ లేపిన ఆ గోడకు వెలిపూత సైతము మట్టియే. పేడ కలిపిన ఎఱ్ఱమన్నుతో అలికి, పైభాగమునకు సున్నము వేసి, అడుగున జాజు పట్టీ దిద్దెడివారు. వానలు వెనుకకు తగ్గి దసరా సమీపింపగానే ఇంటింట ఈ పని సాగెడిది. వాన కొట్టుకొనిపోయిన పూత ఏటికేడు తిరిగి వచ్చునది. క్రొత్త పూతయు పాత గోడయు ఒకే జాతివి గనుక అతుకు విడిపోయెడిది కాదు. పెంకుల చూరు గోడకు బాగుగ ముందునకు వచ్చి వాననీటిని దూరముగా జార్చెడిది. ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశమున, జెన్నే పట్టణమున 1907లో తిరిగి కట్టిన మహామసీదు మట్టి కట్టడమే. ఊరివారందఱు కూడి దానికి ఏటేట మట్టిపూత పూయుట ఆ పట్టణమున పండుగ.

మఱి దీని వ్యయమెంత? మట్టి ఊరిది, పేడ కొట్టములోనిది, శ్రమ ఇంటి ఆడువారిది. కావున వ్యయము శూన్యమని పూర్వపు సుఖములను వర్ణించువారు వ్రాయుదురు. ఈ లెక్క నాకు సమ్మతము గాదు. ఆర్మూరు చుట్టుపట్ల స్త్రీలు వేయి బీడీలకింతయని కూలి గడించుట మొదలైన నాటినుండి వారి దినమునకు నగదు వెల యొకటి ఏర్పడినది. గోడకు అలుకు పెట్టిన రెండు మూడు దినములు చేటలో బీడీ పడని దినములే గదా! అంతకు ముందు ఆ వెల లేకుండెనన్న మాట కూడ సరికాదు. అది ఎవరును వ్రాసికొనని వెల. మట్టిగోడ పోయి సిమెంటు గోడ వచ్చుటకు జనుల సోకు ఒక్కటే కారణమని నిందించువారు, అలుకుగుడ్డ పట్టిన చేతులను ఒక్కమాఱైనను తలచుకొన్నచో అంత సులువుగా నిందింపలేరు. ఏటేట కొంచెము కొంచెముగా స్త్రీల నడుముపై పడుచుండిన భారము, నేడు పది పదునైదేండ్లకొకమాఱు పురుషుని అప్పుపై ఒక్కుమ్మడిగా పడుచున్నది.

ఈ రెంటికిని నడుమ గచ్చు కాలమొకటి గడచినది. దొరల గడీలకును, దేవళములకును, షావుకార్ల మేడలకును కాల్చిన సున్నమును నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లపు నీరును కరక్కాయ కషాయమును చేర్చి పూసెడివారు. సున్నపు పూత గట్టిపడుటకు తొందర పడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి తిరిగి రాయిగా మారును. తనలోనికి వచ్చిన తేమను వెనుకకు విడిచిపెట్టును. వెంట్రుకవాసి నెఱ్ఱెలను వాననీటి సాయముననే తాను పూడ్చుకొనును. 1591 నాటి చార్మినారు మీది గచ్చు పనితనమే దీని మన్నికకు సాక్ష్యము. 2019 మే నెలలో ఒక మీనారునుండి గచ్చు పెళ్ల ఊడి పడినప్పుడు పురావస్తుశాఖవారు మఱల సున్నముతోనే దానిని సరిచేసిరి. పూర్వము మన జిల్లాలోనే యుండి 2016 అక్టోబరునుండి కామారెడ్డి జిల్లాలో చేరిన దోమకొండ కోటను ఆ సంస్థానపు వంశీయులే జీర్ణోద్ధారణము చేయించుకొనగా, ఆ కృషికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. అయినను సామాన్యునకు ఈ దారి చూపుట సులభము గాదు. సున్నము చవుక, దానిని పదునెఱిగి పూయు చేయి ఖరీదు. గానుగలు పోయినవి, గానుగ త్రిప్పిన యెడ్లు పోయినవి, పూర్వము మేడలకును దేవళములకును వేసిన పూత నేడు కోటలు బాగుచేయువారికి మాత్రమే అందునదైనది.

సున్నపు ప్రసక్తి వచ్చినది గనుక పసుపు పండించు ఈ ఊరివారికి తెలిసిన సంగతి యొకటి ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. మాఘ ఫాల్గుణములలో ఉడికించి ఆరబోసిన కొమ్ములు డ్రమ్ములలో మెఱుగు పెట్టబడునప్పుడు లేచు ధూళి చుట్టుపట్ల గోడలనెల్ల పట్టును; క్రొత్తగా సున్నము వేసిన గోడపై ఆ ధూళి తేమ తగిలి ఎఱ్ఱబాఱును, పాత గోడపై పచ్చగనే యుండి కొన్నాళ్లకు ఎండలో వెలిసిపోవును. పసుపునకు సున్నము చేర్చి కుంకుమ చేయు నాటి రసాయనమే ఇది. గోడలో క్షారము చావనంత కాలము పసుపు ఎఱ్ఱబాఱును. క్రొత్త సిమెంటు పూత సైతము ఇట్టి క్షారము గలదే. అది ఆరి శాంతింపక మునుపే దానిపై నూనెజాతి రంగు పూసినచో రంగు చెడి పొరలుగా లేచును. రంగు వేయించుటకు తొందరపడు గృహస్థుడు, చిటికెడు పసుపు నీటిలో కలిపి గోడపై ఒక మూల చిలుకరించి చూచినచో, దుకాణమువాడు చెప్పని సంగతిని గోడయే చెప్పును.

సిమెంటు విషయమున మన జనులకు గల భ్రమ, బలమైనది మన్నికైనదియు నగునను భ్రమ. సిమెంటు పాలు హెచ్చిన కొలది పూత గట్టిపడును, నిజమే. కాని అంతకంతకు పెళుసై, ఆరునప్పుడు ముడుచుకొని సాలెగూటివంటి నెఱ్ఱెలు వాయును. ఆ నెఱ్ఱెలగుండ చొచ్చిన నీరు వెనుకకు రాలేక ఇటుకకును పూతకును నడుమ నిలిచి, ఇటుకలోని లవణములను కరగించి, గోడ ఆరునప్పుడు తెల్లని ఉప్పుగా పైకి తోయును. ఆ తోపునకే పూత పెచ్చులు పెచ్చులుగా ఊడును. నేలనుండి మూడడుగుల యెత్తు వఱకు ఈ బాధ తీవ్రముగా నుండుటకు కారణము, పునాదిపై తేమను ఆపు పొర లేక నేలనీరు గోడలోనికి ఎగబ్రాకుట. అంతవఱకు చెక్కి మఱింత చిక్కని సిమెంటుతో గట్టిగా మెత్తించినచో తేమ ఆగిపోదు. ఆ మెత్తిన భాగమును దాటి నాలుగవ అడుగున తేలును. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్లు ఇసుక కలిపిన మిశ్రమ పూత ఈ రెండు దోషములను చాలవఱకు తగ్గించును; ఇంజనీరింగు పుస్తకములు దీనిని చిరకాలముగా చెప్పుచున్నవి, మేస్త్రీలు మాత్రము చేతులు పొక్కునని సున్నమును చేరదీయరు.

మట్టిగోడకు సిమెంటు పూత వేయించుట వీటన్నిటిలోను పెద్ద తప్పు, పెద్ద ఖర్చు. ఇంటిని పక్కా చేసితిమను తృప్తి రెండు మూడు వానకాలములు నిలుచును. లోపలి మట్టి తేమకు ఉబ్బి తగ్గుచుండ పైనున్న సిమెంటు పొర దానితో కదలలేక విడివడును. సందున చేరిన నీరు బయటి దారి లేక మట్టిని బురద చేయును. బయటికి చూచుటకు గోడ క్షేమముగనే యుండి లోపల కరగిపోవుచుండును. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున రాంచోస్ ద తావోస్ అను గ్రామమున పచ్చిఇటుకతో కట్టిన ప్రాచీన క్రైస్తవ దేవాలయమునకు, ఏటేట మట్టి పూయు శ్రమ తప్పునని 1967లో సిమెంటు పూత వేయించిరి. పండ్రెండేండ్లు తిరుగకమునుపే గోడలు లోలోపల తడిసి శిథిలమగుట కనుగొని, 1979లో ఆ సిమెంటునంతయు ఒలిచివేసి, తిరిగి మట్టిపూతకే వచ్చిరి; నేటికిని ఊరివారు ఏటేట ఆ పని చేయుచున్నారు. మన పల్లెలలో మిగిలిన మట్టిగోడల యజమానులకు ఇంతకంటె చెప్పదగినదేమున్నది?

ఇక లెక్కకు వత్తము. ముప్పది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు గల ఒంటి అంతస్తు ఇంటికి చుట్టుకొలత 100 అడుగులు. పిట్టగోడతో కలిపి ఎత్తు 13 అడుగులైనచో గోడ వైశాల్యము 1,300 చదరపుటడుగులు. కిటికీలు తలుపులు తీసివేసిన 1,200. ఒక పాలు సిమెంటునకు ఐదు పాళ్లు ఇసుకగా 20 మిల్లీమీటర్ల మందమున వెలిపూత వేయుటకు, వృథాతో కలిపి పదునైదు సంచుల సిమెంటును ఒక ట్రాక్టరు ఇసుకయు పట్టును. ఒక సుతారి దినమునకు ఎనిమిది చదరపు మీటర్లకు మించి బాగుగా పూయలేడు గనుక, పదునాలుగు సుతారి దినములు, దానికి ఇంచుమించు రెట్టింపు కూలి దినములు కావలెను. పాత పూతను చెక్కి ఎత్తిపోయుటకు మఱియొక ఎనిమిది దినముల కూలి. పరంజా కఱ్ఱలకు బాడుగ వేఱు. సిమెంటు సంచి ఇటీవలి యేండ్లలో 300, 400 రూపాయల నడుమ ఊగుచున్నది. సుతారి దినకూలి వేయి రూపాయలకు ఇటో అటో, కూలివారిది 600 అనుకొన్నచో, మొత్తము 45,000, 50,000 రూపాయల మధ్య తేలును. ఇది నా ఊహాలెక్క. అంకెలు వచ్చు ఏటికి పాతబడవచ్చును, పాళ్లు మాత్రము మాఱవు. ఇందులో సిమెంటు పాలు ఎనిమిదవ వంతు గూడ కాదు! 2017 జూలైనుండి 28 శాతమున్న సిమెంటు పన్ను 2025 సెప్టెంబరు 22నుండి 18 శాతమునకు తగ్గినప్పుడు ఇల్లు బాగుచేయించుకొనుట చవుక యగునని సంతసించినవారు ఈ పాళ్లు చూచినచో కొంత నిరాశ చెందుదురు. వ్యయమున మూడింట రెండు పాళ్లకు పైగా మనుష్యుల చేతులది.

ఆ చేతులు ఈ ప్రాంతమున సమృద్ధిగా లేకపోవుటకు గల కారణము అందఱెఱిగినదే. ఆర్మూరు, బాల్కొండ, జగిత్యాల దిక్కుల యువకులు దశాబ్దులుగా దుబాయి, మస్కటు, బహ్రెయిను పోయి కట్టడపు పనులు చేయుచున్నారు. అక్కడి మేడలకు పూత పూసి పంపిన సొమ్ముతోనే ఇక్కడి మేడలు లేచుచున్నవి, ఇక్కడ పూత పూయుటకు మాత్రము పొరుగు రాష్ట్రములనుండి పనివారు వచ్చుచున్నారు.

2023 జూలై 24, 25 తేదీల నడుమ ఆర్మూరు పొరుగుననే యున్న వేల్పూరున ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు మించిన వాన కురిసినది. ఏడాది వానలో మూడవవంతునకు పైగా అన్నమాట. అట్టి ఆపదలలో దెబ్బతిన్న యింటికి ప్రభుత్వమిచ్చు సాయము విపత్తు నిధి నియమములచే నిర్ణీతమై యుండును: 2022 మొదలు 2026 వఱకు గల నియమముల ప్రకారము పూర్తిగా కూలిన యింటికి మైదాన ప్రాంతమున 1,20,000 రూపాయలు, కనీసము 15 శాతము దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పైలెక్కలోని పదునైదు సంచుల సిమెంటు కొనుటకు ఆ 6,500 సరిపోవును. ఇసుకకు కొంత మిగిలిన మిగులవచ్చును. పూయుటకు చేయి దొరకదు. కచ్చా ఇంటికి ఇంకను తక్కువ యిచ్చుట మఱింత విచిత్రము, ఏలయన వానకు ముందుగా చెడు గోడ దానిదే. ఇంటి బీమాను ఆశ్రయింతమన్నచో, 2021 ఏప్రిల్ 1నుండి అన్ని సంస్థలును ఒకే రూపమున అమ్ముచున్న భారత్ గృహరక్ష పాలసీ తుఫాను, వరద వంటి ఆకస్మికాపదలకే ఆదుకొనును. ఏండ్ల తరబడి చెమ్మదిగి ఊడిన పూతకు అందు చోటు లేదు. బాధలో అధికభాగము ఈ రెండవ జాతిదే.

2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము నాడు ప్రకటించిన తీరున ఐదు లక్షల రూపాయలను నాలుగు విడతలుగా పంచినది: పునాదికి లక్ష, గోడలు లేచిన పిమ్మట లక్ష, స్లాబునకు రెండు లక్షలు, ఇల్లు పూర్తియైన పిమ్మట లక్ష. ఆ తుది లక్ష వచ్చునది ఇల్లు ముగిసిన తరువాత. ఇల్లు ముగియుటకు పూత, తలుపులు, తీగలు, గచ్చునేల అన్నియు కావలెను. బీదవాడు అప్పు తెచ్చి ముందు లోపలి పని ముగించుకొని, వెలిపూతను వచ్చు ఏటికి వాయిదా వేయుట ఈ అమరికలో సహజ పరిణామము. విడతల క్రమమును నిర్ణయించినవారికి ఇటుక నీరు త్రాగునన్న సంగతి తెలియదనను. మొదటి శ్రేణి ఇటుకకే తన బరువులో ఐదవ వంతు వఱకు నీరు పీల్చుట ప్రమాణము అనుమతించునని ఇంజనీర్లెఱుగుదురు. పూతలేని గోడ నాలుగు వానకాలములు నానిన పిమ్మట దానిపై వేసిన పూత, మొదటనే వేసిన పూతవలె పట్టదు.

చెడిన పూతను కప్పిపుచ్చుట నేటి క్రొత్త పోకడ. ఆర్మూరున పెర్కిట్ చౌరస్తానుండి బస్టాండు వఱకు దారి పొడవున దుకాణముల ముఖములు మెఱయు రేకు పలకలతో నిండుచున్నవి. రెండు పలుచని అల్యూమినియము పొరల నడుమ ప్లాస్టికు జాతి గుజ్జును ఒత్తి చేసిన వీనిని ఏసీపీ యందురు. ఇండ్లవారు ముందుగోడకు రాతిపోలిక టైల్సు అంటింపించుకొనుచున్నారు. వీటియందు సౌందర్యమున్నదా అను ప్రశ్నను విడిచెదను. నాకు లేదని తోచును, అది వేఱు సంగతి. వ్యయదృష్టితో చూచినచో వీటి దోషము, వెనుకనున్న గోడ స్థితిని తెలియనీయకపోవుట. న్యూజీలాండు దేశమున 1990వ దశాబ్దమునందు చూరులేని గోడలకు అందమైన ఏకఖండపు వెలిపొరలు తొడిగి కట్టిన వేలకొలది యిండ్లలో, నీరు పొర వెనుకకు దిగి కఱ్ఱ చట్రములను కుళ్లజేసినది. వాటిని బాగుచేయుటకు 1,130 కోట్ల న్యూజీలాండు డాలర్లు పట్టునని 2009లో ఒక అంచనా వెలువడినది. లండను నగరమున గ్రెన్‌ఫెల్ భవనమునకు తొడిగిన ఏసీపీ పలకలగుండ 2017 జూన్ 14న మంటలు పైకి ప్రాకి 72 మంది మరణించిన పిమ్మట, అట్టి పలకలను ఇతర భవనములనుండి తీసివేయు ఖర్చు కట్టినవాడు భరింపవలెనా, కొన్నవాడు భరింపవలెనా అను వివాదము ఆ దేశమున ఏండ్ల తరబడి సాగినది. మన ఒకటి రెండంతస్తుల దుకాణములకు అంతటి ప్రమాదము లేకపోవచ్చును గాని, విద్యుత్తీగలు చిక్కుకొన్న ప్లాస్టికు గుజ్జు పలకలను వస్త్రదుకాణముల నొసట తగిలించుట వివేకమనిపించుకొనదు.

అమెరికాలో కొడుకులు కూతుండ్ర యొద్దకు పోయివచ్చిన మన పెద్దలు అక్కడి ఇండ్లను గూర్చి అట్టపెట్టెలని తేలికగా మాటలాడుదురు. కఱ్ఱ చట్రముపై తేమనాపు కాగితము పఱచి, దానిపై ఒకదాని అంచు మఱియొకదానిపై పడునట్లు పలకలను వరుసగా బిగించుట అక్కడి రీతి. న్యూజెర్సీ వంటి చోట్ల ఆ పలకలు వినైలువి, డాలసు పరిసరములలో ముందుభాగమునకు ఇటుకయు ప్రక్కలకును వెనుకకును సిమెంటు నారపలకలును తఱచు. ఆ గోడకు వెలిపొర తొడిగిన చొక్కా, మన గోడకు చర్మము. భేదమంతయు ఇందే యున్నది. వడగండ్లకు పగిలిన వినైలు పలక నొకదానిని ఊడదీసి మఱియొకటి తగిలింపవచ్చును. కాని ఎండకు వెలిసిన పాత పలకల నడుమ క్రొత్తది రంగు కలియక కొట్టవచ్చినట్లు కనబడును, కావున ఒక పలకతో పోవలసినది ఒక ప్రక్కంతయు మార్పించు వఱకు పోవును. బీమా సంస్థకును గృహస్థునకును అక్కడ తగవు పుట్టునది ఈ రంగు విషయముననే. ఇక సిమెంటు నారపలకల వంశము మనకు అపరిచితము గాదు. 1901లో ఆస్ట్రియా దేశీయుడైన లుడ్విగ్ హాట్షెక్ రాతినారను సిమెంటుతో కలిపి పలుచని రేకులు చేయు విధానమునకు హక్కు పొందెను. 1946లో హైదరాబాదున వెలసిన కర్మాగారము ఆ జాతి రేకులనే చార్మినారు పేర ఇంటింట చేర్చినది. రాతినార శ్వాసకోశములకు హానికరమని తేలిన పిమ్మట విదేశములలో దాని స్థానమున కఱ్ఱనార వచ్చినది. మన కొట్టములపైనున్న పాతరేకులను పగులగొట్టి, కోసి, గోడకు అడ్డముగా నిలుపువారు ఈ సంగతిని గమనింపవలెను. ఆ కోతలో లేచు ధూళియే దోషమునకు మూలము.

బాగుచేయుటయా, మార్చుటయా అను మూలప్రశ్నకు సమాధానము చెప్పుటకు పెద్ద పరికరములక్కఱలేదు. చిన్న కఱ్ఱతో గోడపై అడుగడుగునకు తట్టుచు పోయినచో, పూత పట్టియున్న తావున గట్టి శబ్దమును, విడివడిన తావున డొల్ల శబ్దమును వినవచ్చును. డొల్ల పలికిన మేర సుద్దతో గీచుకొని, అది గోడలో నాలుగవ వంతునకు లోబడినచో ఆ తావులనే చతురస్రముగా కోసి పూయించుట, సగము దాటినచో మొత్తము చెక్కించుట నాకు యుక్తముగా తోచును. ఆ నడుమ నున్నవానికి చేతిలోని సొమ్మే న్యాయాధిపతి. కాంక్రీటు స్తంభమును ఇటుకగోడయు కలియు సందున తీగజాలి పఱచనిదే పూసిన పూత నిలువున చీలుట ఖాయము. అయితే ఈ పనులన్నిటికి మునుపు చేయింపవలసిన పని యొకటి గలదు. దానికి ఖర్చు మిక్కిలి తక్కువ, కనుకనే గుత్తేదారునకు దానిపై మక్కువ తక్కువ. సజ్జ క్రింద అంచున వ్రేలిమందము గాడి తీయించినచో వాననీరు గోడకు ప్రాకక అక్కడనే రాలును. సింటెక్సు తొట్టి పొంగు గొట్టమును గోడకు దూరముగా త్రిప్పుటకు మూరెడు గొట్టము చాలును. పిట్టగోడ తలపై వాలు లోపలివైపునకు తీర్చుట, గోడ మొదట మన్ను ఎత్తుగా చేరకుండ చూచుట, సందులో మొలచిన రావిమొక్కను వేరుతో తీయుట, ఇవన్నియు కలిసి ఒక సుతారికి రెండు దినముల పని. ఇవి చేయించిన పిమ్మట ఒక వానకాలము గడవనిచ్చి గోడను మఱల తట్టి చూచినచో, మార్పింపదలచిన గోడలో కొంతభాగము బాగుచేతతోనే తీరిపోవుట కనబడును.

కాలమును గూర్చి చెప్పక ఈ విచారము ముగియదు. పసుపు తొమ్మిది నెలల పైరు. జూనులో నాటిన దుంప జనవరినుండి త్రవ్వకమునకు వచ్చి, ఉడికి, ఆరి, నిజామాబాదు యార్డునకు చేరి రైతు చేతిలో సొమ్ముగా మాఱునప్పటికి ఫాల్గుణ చైత్రములు. చేతిలో సొమ్మున్నప్పుడే ఇంటిపని తలపెట్టుట లోకసహజము; కావున ఈ ప్రాంతపు గోడపూతలలో అధికభాగము మార్చి మొదలు మే వఱకు గల తీవ్రమైన ఎండలో జరుగును. పూసిన పూత కనీసము ఏడు దినములు తడిగా నుండవలెను. బోరుబావి అడుగంటు ఆ దినములలో త్రాగునీటికే వెదుకులాట గాన గోడకు పూటకొకమాఱు చల్లిన నీరు గడియలో ఆవిరియగును, పూత అరకొఱగా గట్టిపడి నెఱ్ఱెవాయును, జూనులో వచ్చు మొదటి వాన ఆ నెఱ్ఱెలలోనికే దిగును. పూతకు తగిన కాలము దీపావళి దాటినది మొదలు సంక్రాంతి వఱకు. ఎండ మందము, గాలి మితము, బావిలో నీరు పుష్కలము. అప్పుడు రైతు చేతిలో సొమ్ముండదు, పసుపు భూమిలో నుండును. దీనికి నాకు తోచిన ఉపాయమొకటే: చైత్రమున సొమ్ము వచ్చినప్పుడు కావలసిన ఇసుకను కొని జల్లించి కప్పి యుంచుకొనవచ్చును, నాణెమైన సున్నము కొని తొట్టిలో నీటిక్రింద నానవేయవచ్చును, నెలలు గడచిన కొలది అది మఱింత మెత్తనై పనికి అనువగును, సజ్జగాడులు, గొట్టములు వంటి చిల్లరపనులను వానలకు ముందే ముగింపవచ్చును, సుతారి కూలికి కావలసిన సొమ్మును వేఱుగా తీసి దాచవలెను. సిమెంటు మాత్రము, మూడు నెలలు నిలువయున్న సంచి బలము తగ్గును గనుక, కార్తికము రాకమునుపు కొనరాదు.